మీకు తెలుసా? గాలీ వెలుతురూ ఉన్న ఆఫీసు

పగలంతా గడిచేది ఆఫీసులోనే. అక్కడి గాలి, వెలుతురు, చప్పుడు మన ఒంటిమీదా పనిమీదా ప్రభావం చూపుతాయి. ఆఫీసు బాగుండాలంటే ఖరీదైన సామాను కంటే ముందుచూపుతో గీసిన ప్లాను ముఖ్యం. దానికి మంచి సాక్ష్యాలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

మురుగునీరు గడప దాటని భవనం

హైటెక్ సిటీ దగ్గర కొత్తగూడలో ఉన్న సీఐఐ సోరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణానికి మేలుచేసే భవనాలకిచ్చే ‘లీడ్’ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట అందుకున్న మొదటి భవనం ఇదే. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. మన మండువా లోగిలిలా నడిమధ్యన ఆకాశం కనిపించే గుండ్రటి ఆవరణ, దాని చుట్టూ గదులు. అందుకే పగటిపూట లైట్ల అవసరం పెద్దగా ఉండదు. జాలీ గోడలు వెలుతురును రానిచ్చి ఎండ తీవ్రతను ఆపుతాయి. బయటి గాలి ముందు విండ్ టవర్లలో చల్లబడి ఆ తర్వాతే ఏసీకి చేరుతుంది కాబట్టి యంత్రానికి శ్రమ తక్కువ. వాడిన నీటిని మొక్కల వేళ్ల సాయంతో శుద్ధి చేసి తోటకే పారిస్తారు.

ఒక్క భవనం, రెండు ఏసీ పద్ధతులు

పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో ఒక ప్రయోగం మొదలైంది. ఒకే భవనాన్ని అచ్చంగా ఒకేలా ఉండే రెండు సగాలుగా కట్టారు. ఒక సగానికి బాగా మెరుగుపరిచిన మామూలు సెంట్రల్ ఏసీ. రెండో సగంలో స్లాబులోనే గొట్టాలు పరిచి చల్లటి నీరు పారించారు. స్లాబు చల్లబడి, కింద కూర్చున్నవారి ఒంటి వేడిని తనలోకి లాగేసుకుంటుంది. నెత్తిమీద చలిగాలి కొట్టే బాధ ఉండదు. పీల్చుకోవడానికి తేమ తీసిన తాజా గాలిని విడిగా పంపుతారు. అంతే పరిమాణంలో ఉన్న గాలికంటే నీరు 3,000 రెట్లకు పైగా వేడిని మోయగలదు. కిటుకంతా అక్కడే ఉంది! నీటి గొట్టాల వైపు ఏసీ కరెంటు దాదాపు 34 శాతం తక్కువ ఖర్చయింది.

ఏప్రిల్‌లోనూ స్వెటర్ ఎందుకు?

ఆఫీసు ఏసీల ప్రమాణాలకు మొదట్లో ఆధారంగా తీసుకున్నది నలభై ఏళ్ల వయసు, 70 కిలోల బరువు ఉన్న మగవాడి ఒంటి లెక్కలను. ఆడవాళ్ల శరీరం పుట్టించే వేడి అంతకంటే తక్కువని, ఆ లెక్క సరిచేసుకోవాలని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చారు. మన దేశంలో 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల డిఫాల్ట్ సెట్టింగ్‌తోనే రావాలన్నది నియమం. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. వణికేవాళ్లకూ మేలు, బిల్లుకూ మేలు.

గోడలు తీసేస్తే మాటలు పెరుగుతాయా?

పెరగకపోవచ్చు. అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు ఓపెన్ ఆఫీసుకు మారినప్పుడు, ఉద్యోగులు ధరించిన సెన్సర్ల ద్వారా హార్వర్డ్ పరిశోధకులు లెక్క తీశారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు పెరిగాయి. ఆ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. నలుగురి కళ్లూ తనమీదే ఉన్నాయనిపిస్తే మనిషి మాట తగ్గించుకుంటాడు. కలిసి పనిచేయాలంటే నలుగురూ చేరే చోటు ఎంత అవసరమో, తలుపు వేసుకుని పని చేసుకునే చిన్న గదీ అంతే అవసరం.

మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయా?

చేస్తాయన్న నమ్మకానికి మూలమైన 1989 నాటి నాసా ప్రయోగం గాలి చొరబడని పెట్టెల్లో జరిగింది. మామూలు భవనంలో గాలి రాకపోకలతో సమానంగా మొక్కలు పనిచేయాలంటే చదరపు మీటరుకు కనీసం 10 కావాలని 2019లో ఒక సమీక్ష లెక్కగట్టింది. మనీప్లాంటు కంటికి హాయి, మనసుకు ఊరట. తప్పకుండా పెంచండి, కిటికీ మాత్రం మూయకండి.

మీటింగులో ఆవలింతలా?

మూసిన గదిలో పదిమంది కూర్చుంటే కాసేపటికే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. గాలిలో రసాయనాల ఆవిరులు తక్కువగా ఉన్న గదిలో పనిచేసిన రోజుల్లో ఉద్యోగుల ఆలోచనా సామర్థ్యం స్కోర్లు సగటున 61 శాతం ఎక్కువగా వచ్చాయని, దానికి తోడు బయటి గాలి కూడా పెంచితే దాదాపు రెట్టింపయ్యాయని 2016లో ప్రచురితమైన హార్వర్డ్ అధ్యయనం చెప్పింది. అందులో పాల్గొన్నది 24 మందే అయినా, చూపిన దారి సరైనదే.

కొత్త ఆఫీసు చూసేవాళ్లు అద్దె అడిగే ముందు ఈ మూడూ అడగాలి: తాజా గాలి ఎక్కణ్నుంచి వస్తుంది? కిటికీకి దూరంగా కూర్చునేవారికి పగటి వెలుతురు అందుతుందా? ఫోన్ మాట్లాడుకోవడానికి విడిగా గది ఉందా? ప్లాను కాగితంమీద ఉన్నప్పుడైతే వీటిని తక్కువ ఖర్చుతో సరిచేయవచ్చు. కట్టాక ఆ లోటును ఉద్యోగులే రోజూ భరించాలి.