పాసుపుస్తకానికి నాలుగు, నాగలికి ఇరవై నాలుగు

గోదావరి డెల్టాలో మూడెకరాల వరి పొలం అనుకుందాం. పాసుపుస్తకం యజమాని పేరున ఉంటుంది. ఆయన పిల్లల దగ్గర హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉంటాడు. దమ్ము చేయించేది, నారు పోసేది, ఎరువు చల్లేది, కోతల నాడు మిషను కోసం తిరిగేది కౌలుదారు. యజమాని బ్యాంకుకు వెళితే లక్ష రూపాయల పంట రుణం 7 శాతం వడ్డీకి దొరుకుతుంది. గడువులోగా కడితే కేంద్రం అందులో 3 శాతం తగ్గిస్తుంది. అంటే ఏడాదికి 4,000 రూపాయలు. కౌలుదారుకు అదే లక్ష ఊళ్లో వడ్డీకిచ్చే ఆసామి దగ్గర నూటికి రెండు రూపాయల లెక్కన పుడుతుంది. ఏడాదికి 24,000. నేల ఒకటే, కాలవ నీళ్లు ఒకటే, ధాన్యం ధరా ఒకటే. వడ్డీ దగ్గర మాత్రం ఇద్దరికీ 20,000 రూపాయల తేడా. పైగా పంట పోతే నష్టమంతా ఎక్కువ వడ్డీ కట్టేవాడిదే.

రైతుకూ బ్యాంకుకూ మధ్య ఉన్న చిక్కుల్లో మొదటిది ఇదే. మన బ్యాంకులు అప్పిస్తున్నది పంటకు కాదు, పట్టాకు.

జాతీయ నమూనా సర్వే 2019లో వ్యవసాయ కుటుంబాల అప్పులు లెక్క తీసింది. దేశం మొత్తం మీద సగం కుటుంబాలు అప్పుల్లో ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం ఉన్నాయి. దేశంలో ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు 74,121 రూపాయలు కాగా ఆంధ్రప్రదేశ్‌లో అది 2,45,554. ఈ అంకెలు చూసి మన రైతుకు అప్పు బాగానే దొరుకుతోందనేవాళ్లూ ఉన్నారు. ఆ అప్పు ఎవరి పేరున, ఏ వడ్డీకి దొరుకుతోందో చూడకపోతే ఈ సగటు మనల్ని మోసం చేస్తుంది.

కౌలుదారుకు బ్యాంకు గడప చూపించాలన్న ప్రయత్నాలు జరక్కపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. సాగు చేస్తున్నానని కౌలుదారు దరఖాస్తు పెట్టుకుంటే రెవెన్యూ వాళ్లు విచారించి కార్డు ఇవ్వాలి. యజమాని సంతకం తప్పనిసరి కాదు. అందులోని గొప్పతనమంతా అక్కడే ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. కార్డు గడువు 11 నెలలు. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే స్పష్టంగా రాశారు. కానీ యజమాని ఒప్పుకుని సంతకం చేస్తేనే కార్డు. ఆ ఒక్క షరతుతో ముందున్న దారి ఇరుకైపోయింది.

యజమాని సంతకం ఎందుకు పెట్టడు? ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. ‘ఇవాళ సంతకం పెడితే రేపు పొలం నాదంటావు’ అనే భయం అందరిలో ఉంది. పాత కౌలు చట్టాల జ్ఞాపకం అంత తేలిగ్గా పోదు. ఇంకో కారణం పైకి చెప్పుకోనిది. అదే పట్టా మీద యజమాని అప్పటికే పంట రుణమో, బంగారం మీద వ్యవసాయ రుణమో తీసుకుని ఉంటాడు. కౌలుదారు నానా తంటాలూ పడి కార్డు తెచ్చుకున్నా, ఫీల్డ్ ఆఫీసరు సర్వే నంబరు కొట్టి చూసి ‘దీని మీద ఆల్రెడీ లోను ఉందయ్యా’ అంటాడు. అక్కడితో ఆ కార్డు బతుకు తెల్లారినట్టే. అప్పుడు ఇంట్లో ఆడవాళ్ల నగలు తాకట్టుకు వెళతాయి. అవీ చాలకపోతే కమీషను కొట్టు. పండిన పంట తనకే అమ్మాలన్న షరతు మీద ఎరువూ, పురుగుమందూ అరువిచ్చే చోట ధర చెప్పేదీ, తూకం వేసేదీ, వడ్డీ లెక్కగట్టేదీ ఒకే చెయ్యి.

బ్యాంకు వాళ్ల బాధా వినాలి. చాలా బ్రాంచీల్లో పదుల ఊళ్లకు కలిపి ఒక్క ఫీల్డ్ ఆఫీసరు ఉంటాడు. అతనిది వేరే రాష్ట్రమైతే తెలుగు నేర్చుకునేలోపే బదిలీ. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారితే మారింది. ఏ చేను ఎవరు చేస్తున్నారో పేరు పెట్టి చెప్పగల మేనేజర్లు కరువైపోవడమే అసలు నష్టం. మనిషిని ఎరగని బ్యాంకు కాగితాన్నే నమ్ముతుంది.

పట్టా ఉన్న చిన్న రైతుకూ సుఖం లేదు. ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ కట్టి లోను తిరగరాయించుకోవాలి. గడువు దాటితే ఆ 3 శాతం తగ్గింపు పోతుంది. ధాన్యం డబ్బు ఇంకా చేతికి రాకపోతే రెండు మూడు రోజుల కోసం బయట చేబదులు తెచ్చి కట్టి, కొత్త లోను రాగానే తీసుకెళ్లి తీర్చేస్తాడు. ఆ రెండు రోజులకూ కోసుకునేది కోసుకుంటారు. బ్యాంకు లెక్కల్లో అది కొత్త పంట రుణం, లక్ష్యం నెరవేరినట్టు. రైతు జేబులోకి మాత్రం విత్తనాల డబ్బు కూడా రాదు.

రుణమాఫీలు వచ్చిన ప్రతిసారీ ఈ చిక్కు బయటపడింది. 2008లో కేంద్రం చేసినా, 2014లో ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి లక్షన్నర దాకా చేసినా, 2024లో తెలంగాణ 2 లక్షల దాకా చేసినా, మాఫీ అయ్యేది బ్యాంకు పుస్తకంలో ఉన్న అప్పు. మాఫీ వద్దనను. అప్పుల్లో మునిగిన ఇంటికి అది ఊపిరి. కానీ కౌలుదారు ప్రామిసరీ నోటు వడ్డీ ఆసామి బీరువాలోనే ఉండిపోతుంది. తెలంగాణలో రైతు స్వరాజ్య వేదిక 2022లో జరిపిన సర్వేలో రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులేనని తేలింది. అంతమందిని పక్కన పెట్టి చేసే సాయాన్ని రైతు సాయం అనడానికి నాకు మనసొప్పదు.

బ్యాంకు మెట్లెక్కే వాళ్లకు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. 3 లక్షల లోపు పంట రుణానికి ప్రాసెసింగ్, తనిఖీ చార్జీలు వద్దని బ్యాంకుల సంఘమే 2019లో చెప్పింది. మొండి బాకీల వసూలుకు బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకోలేదు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం కాగితం మీద అడగండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా రాసుకోవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఇక సాగు చేసేదెవరో తెలియదన్న మాట ఆంధ్రప్రదేశ్‌లో చెల్లదు. ఈ-పంట నమోదు కోసం గ్రామ వ్యవసాయ సహాయకుడు చేను దగ్గరికే వెళ్లి, పంటతో పాటు సాగుదారు వివరాలు రాసుకుంటున్నాడు. అది నాట్లు పడ్డాక జరిగే పని కాబట్టి జూన్‌లో రుణానికి పనికిరాదంటారు. పోయిన రబీ నమోదు ఉందిగా! కౌలుదారు ఏటా చేను మారినా మనిషి మారడు. రెండు మూడు సీజన్లుగా నమోదైన సాగుదారుకు ఏరువాకకు ముందే, ఏప్రిల్ మే నెలల్లో, ఆ నమోదు చూసి రుణం ఇవ్వవచ్చు. సర్వే నంబరు మీద యజమాని లోను ఉన్నా దీనికి అడ్డు రానక్కర్లేదు, ఎందుకంటే ఇది చేను మీద ఇచ్చే అప్పు కాదు. 2025 జనవరి నుంచి 2 లక్షల లోపు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగవద్దని రిజర్వు బ్యాంకే ఆదేశించింది. భూమినే తాకట్టు అడగకూడని చోట భూమి యజమాని సంతకం కోసం కౌలుదారును ఎందుకు తిప్పుతున్నారో జిల్లా బ్యాంకర్ల సమావేశంలో కలెక్టర్లు అడగాలి.