మర దించేది డాక్టరు, పట్టు ఇచ్చేది ఎముక

పంటి ఇంప్లాంట్ అంటే గోడకు మేకు కొట్టినట్టు దవడలో మర దించడమేనని చాలామంది అనుకుంటారు. గోడ మేకును పట్టుకుంటుంది గానీ, దాని చుట్టూ తనను తాను మళ్లీ కట్టుకోదు. ఎముక కట్టుకుంటుంది. 1950లలో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ చూడడానికి ఒక టైటానియం పరికరం అమర్చాడు. పని ముగిశాక తీయబోతే అది ఊడి రాలేదు, ఎముకతో ఏకమైపోయింది. 1965లో యోస్టా లార్సన్ అనే రోగి దవడలో ఆయన పెట్టిన ఇంప్లాంట్లు నలభై ఏళ్లకు పైగా నిలిచాయి.

ఆ కలయిక ఒక్క రోజులో జరగదు. మొదట ఉండేది మర చుట్ల బిగువు మాత్రమే. ఒత్తిడికి నలిగిన పాత ఎముకను కొన్ని కణాలు కరిగించేస్తాయి, ఆ చోట మరికొన్ని కణాలు కొత్త ఎముకను పోస్తాయి. కరగడం ముందు, కట్టడం వెనక. అందుకే మూడు నాలుగు వారాలప్పుడు ఇంప్లాంట్ పట్టు తొలిరోజు కంటే తగ్గవచ్చు. అప్పుడు అది మిల్లీమీటరులో ఏడో వంతు కదిలినా చుట్టూ ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం పెరిగే ప్రమాదం ఉంది. మరి అదే రోజు పళ్లు పెడుతున్నారు కదా అంటే, నిజమే. ఎముక గట్టిగా ఉండి తొలి బిగువు బాగా కుదిరినవాళ్లకు అది సాధ్యం. వాళ్లకైనా ఎముక అతుక్కోవడానికి పట్టే కాలం తగ్గదు, నమలడంలో జాగ్రత్త తప్పదు.

ఎముక పొడి సంగతీ ఇంతే. పన్ను తీసిన చోట దవడ గట్టు ఏడాదిలో దాదాపు సగం వెడల్పు కోల్పోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. అక్కడ నింపే పొడి తానే ఎముకగా మారదు. మేస్త్రీకి సారువ ఎలాంటిదో ఎముక కణాలకు అది అలాంటిది. రోగి సొంత ఎముకైతే బతికున్న కణాలనూ వెంట తెస్తుంది. కృత్రిమ కాల్షియం ఫాస్ఫేట్లలో కొన్ని నెలల్లో కరిగిపోతాయి. పశువుల ఎముక నుంచి తీసిన ఖనిజం ఏళ్ల తరబడి మిగిలే ఉంటుంది. కరగనిది ఎముక ఎలా అవుతుందని కొందరి అభ్యంతరం. ఆ మొండితనమే గట్టు కుంగకుండా ఆపుతుంది, కొత్త ఎముక ఆ రేణువుల సందుల్లో అల్లుకుంటుంది. అయితే రక్తం అందని చోట ఏ పొడీ పనిచేయదు. పొగతాగడం, అదుపులో లేని షుగరు, చిగుళ్ల జబ్బు కూడా ఎముక కట్టుకోవడాన్ని దెబ్బతీస్తాయి. కంపెనీ పేరు అడిగే ముందు ఆ పొడి దేనితో చేసిందో, ఎన్ని నెలలు ఆగాలో మీ డాక్టర్ని అడగండి.