వాగు మనదే... చెత్తా మనదే!

బతుకమ్మను 'పోయి రావమ్మా' అని సాగనంపే నీళ్లవి. పశువుల దాహం తీర్చి, పొలం తడిపే నీళ్లవి. ఆ వాగులోకే పాలిథిన్‌ కవర్లు, కోళ్ల వ్యర్థాలు, పెళ్లి విందుల ప్లాస్టిక్‌ గ్లాసులు చేరుతున్నాయి. తీసేదెవరు? 'పంచాయతీ' అంటారు ఊరివాళ్లు. 'ముందు వేయడం మానితేగా' అంటారు పంచాయతీవాళ్లు. ఈ రెండు మాటల మధ్యే వాగు నిండిపోతోంది. మాటలు ఆపి చేతులు కలిపినచోట ఏం జరిగింది?

సంగారెడ్డి నుంచి నాందేడ్‌ వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది పిట్లం. 2016 అక్టోబరు దాకా నిజామాబాద్‌ జిల్లా, ఆ తర్వాత కామారెడ్డి జిల్లా. రోడ్డు మీద ఊరంటే హోటళ్లూ, టీ కొట్లూ, పండ్ల బండ్లూ మామూలే. వాటితోపాటే గ్లాసులూ కవర్లూ వస్తాయి. ఎండాకాలమంతా అవి రోడ్డు పక్కనా, మురుగు కాల్వలోనా పడుంటాయి. తొలకరి పడిందా... ఒక్క వానకే అన్నీ కట్టగట్టుకుని వాగుకు చేరతాయి.

అక్కడితో ప్రయాణం ఆగదు. ఈ ప్రాంతపు వాగుల నీరు చేరేది మంజీరలోకి. మహారాష్ట్రలోని బాలాఘాట్‌ కొండల్లో పుట్టి 724 కిలోమీటర్లు నడిచే మంజీర, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ తర్వాత బాసర, ఆపైన శ్రీరామసాగర్‌. అంటే ఇక్కడ కిటికీలోంచి విసిరిన కవరు, ఎక్కడా చిక్కుకోకపోతే, సరస్వతమ్మ పాదాల దగ్గర తేలొచ్చు! చాలావరకు అంతదూరం పోవు. కల్వర్టు తూములోనో, తుమ్మకంప కొమ్మకో చిక్కుకుంటాయి. అసలు ముప్పు అక్కడే మొదలవుతుంది.

తూము మూసుకుంటే...

2025 ఆగస్టు చివరివారాన్ని కామారెడ్డి జిల్లా మరచిపోలేదు. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. కాలనీలు మునిగాయి, రోడ్లూ రైలు పట్టాలూ కొట్టుకుపోయాయి. అంత వానను ఏ కాల్వా తట్టుకోలేదు. దానికి చెత్తను నిందించడం సరికాదు. కానీ తూములు మూసుకుపోతే, అంతలో పదో వంతు వానకే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. పెద్ద వరదను ఆపడం మన చేతుల్లో లేదు. చిన్న వానను వరదగా మార్చకుండా ఉండటం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఇంకో ముప్పు కొట్టంలో ఉంది. వాగు ఒడ్డున మేసే ఆవుకీ బర్రెకీ కవరు వేరు, అందులోని అన్నం మెతుకులు వేరు కాదు. రెండూ కలిపే మింగుతాయి. మెతుకులు అరుగుతాయి, కవరు కడుపులో ఉండిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముద్దకట్టి గట్టిపడుతుంది. పశువు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, చివరికి ప్రాణమే పోతుంది. ఆవుల కడుపుల్లోంచి శస్త్రచికిత్స చేసి పదుల కిలోల ప్లాస్టిక్‌ తీసిన పుట్టపర్తిలోని కరుణా సొసైటీ, ఈ గోడు వినమంటూ 2012లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

నెక్నాంపూర్‌ చెప్పిన పాఠం

హైదరాబాద్‌ శివార్లలో మణికొండకు దగ్గర్లో ఉంటుంది నెక్నాంపూర్‌ చెరువు. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. మురుగు చెరువులోకి మళ్లింది. గుర్రపుడెక్క కమ్మేసింది, చెత్త కుప్పలుగా పడింది. మధులికా చౌదరి నడిపే 'ధ్రువాంశ్‌' సంస్థ రంగంలోకి దిగి, చుట్టుపక్కలవారిని కూడగట్టి శుభ్రం చేసే పని మొదలుపెట్టింది.

అంతటితో ఆగితే మళ్లీ నిండేదే. అందుకే 2018 ఫిబ్రవరిలో, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం నాడు, హెచ్‌ఎండీఏ, రంగారెడ్డి జిల్లా యంత్రాంగంతో కలిసి చెరువులో ఓ 'తేలే తోట'ను వదిలారు. అడుగున వెదురు, దానిపైన థర్మకోల్‌, ఆపైన గోనె సంచులు, అన్నింటికంటే పైన కంకర. మూడువేల చదరపు అడుగుల ఆ తెప్పమీద వట్టివేరు, మెట్టతామర, మందార, తులసి, అశ్వగంధ లాంటి మొక్కలు నాటారు. వేళ్లు నీళ్లలోకి వేలాడుతూ మురుగులోని నైట్రేట్లను పీల్చుకుంటాయి. వేళ్లను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు మిగతా మలినాన్ని విడగొడతాయి. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు.

అయితే కథ అక్కడ శుభంకార్డు పడలేదు. మురుగు గురించీ, ఆక్రమణల గురించీ తర్వాతి ఏళ్లలోనూ ఫిర్యాదులు వచ్చాయి. ఎగువ నుంచి వచ్చేది ఆగనిదే దిగువన ఎంత ఎత్తినా తరగదు... నెక్నాంపూర్‌ నేర్పిన అసలు పాఠం ఇదే.

విజయవాడదీ ఇలాంటి అనుభవమే. ప్రకాశం బ్యారేజీ నుంచి నగరం మధ్యగా సాగే బందరు, ఏలూరు, రైవస్‌ కాల్వల్లోకి చెత్త విసరడం ఏళ్ల తరబడి అలవాటైపోయింది. 2019లో కృష్ణా జిల్లా యంత్రాంగం 'నేనుసైతం కృష్ణమ్మ శుద్ధిసేవలో' అంటూ పిలుపునిచ్చి, ఉద్యోగుల్నీ విద్యార్థుల్నీ మామూలు జనాన్నీ కాల్వగట్ల మీదికి రప్పించింది. కాల్వలోకి దిగి కవరు ఏరినవాడు మర్నాడు అదే కాల్వలో కవరు వేయడానికి మనసొప్పదు. చీపురు పట్టించడంలోని మర్మం అదే.

ముందు లెక్క... తర్వాత చీపురు

అమెరికాలోని బాల్టిమోర్‌ నగరంలో జోన్స్‌ ఫాల్స్‌ అనే వాగు ఉంది. అది ఓడరేవులో కలిసేచోట 2014లో ఓ నీటిచక్రాన్ని పెట్టారు. వాగు ప్రవాహంతో, సూర్యశక్తితో తిరుగుతూ చెత్తను పట్టా మీదికి లాగి పడవలోకి ఎత్తిపోస్తుంది. దానికి రెండు పెద్ద కళ్లు అతికించి 'మిస్టర్‌ ట్రాష్‌ వీల్‌' అని పిలుస్తుంటే పిల్లలు చూడటానికి ఎగబడ్డారు. నిర్వాహకులు అంతకంటే తెలివైన పని ఇంకోటి చేశారు. పడిన చెత్తను రకాలవారీగా లెక్కగట్టి ఊరందరికీ చెప్పారు. సిగరెట్‌ పీకలెన్ని, సీసాలెన్ని, నురగ డబ్బాలెన్ని అని! ఆ లెక్కలు చర్చకు ఊతమిచ్చాయి. 2018లో నగరపాలక మండలి నురగ డబ్బాల నిషేధానికి ఆమోదం తెలిపింది, మరుసటి ఏడాది అది అమల్లోకి వచ్చింది.

మన ఊళ్లో అంత యంత్రం అక్కర్లేదు. వాగు ఎండిన ఏప్రిల్‌ నెలలో ఓ ఆదివారం పొద్దున్నే పదిమంది ఒడ్డువెంట నడిస్తే చాలు. ఎక్కడ ఏ చెత్త ఎక్కువుందో చూసి పుస్తకంలో రాసుకోవాలి. కోళ్ల వ్యర్థాల కుప్ప ఉంటే మాంసం కొట్లవారితో, ప్లాస్టిక్‌ గ్లాసులు కనిపిస్తే ఫంక్షన్‌ హాలు వారితో, సీసాలు దొరికితే బెల్టుషాపు వారితో మాట్లాడాలి. అందరినీ కలిపి తిడితే ఎవరికీ తగలదు. లెక్క చూపించి అడిగితే జవాబు చెప్పక తప్పదు.

చట్టం ఉంది... ఊరు తోడవ్వాలి

చట్టాలకు కొదవ లేదు. ప్లాస్టిక్‌ స్పూన్లు, స్ట్రాలు, గ్లాసులు, పళ్లేల మీద దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదన్న నిబంధన అదే ఏడాది డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లెప్రగతితో తెలంగాణ పంచాయతీలకు ట్రాక్టర్లూ డంపింగ్‌ యార్డులూ వచ్చాయి. ట్రాక్టరు ఇంటి ముందుకొచ్చినా బుట్ట బయటకు రాకపోతే మాత్రం ఏం లాభం?

ఉమ్మడి నిజామాబాద్‌ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీ మాటంటే ఎంత బరువో తెలియనివారుండరు. బహిష్కరణల లాంటి తీర్పులతో ఆ కమిటీలు విమర్శల పాలైన సందర్భాలూ ఉన్నాయి. ఆ పట్టును మనుషుల్ని వెలివేయడానికి కాక, చెత్తను వెలివేయడానికి వాడితే? వరంగల్‌ దగ్గరి గంగదేవిపల్లి పనికో కమిటీ వేసుకుని, ఇంటింటికీ బాధ్యత పంచుకునే దేశానికి ఆదర్శమైంది. సిద్దిపేటలో 'స్టీల్‌ బ్యాంకు' పెట్టి విందులకు పళ్లేలు, గ్లాసులు ఇచ్చి తిరిగి తీసుకుంటున్నారు. ఒక్క పెళ్లికి వెయ్యిమంది వస్తే, వెయ్యి ప్లాస్టిక్‌ గ్లాసులు వాగు దాకా వెళ్లకుండా ఇంటి దగ్గరే ఆగినట్టేగా!

చెరువుల పునరుద్ధరణకు తలపెట్టిన మిషన్‌ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది కూడా ఈ గడ్డమీదే, సదాశివనగర్‌లో. పూడిక తీయడానికి యంత్రాలు వస్తాయి. మళ్లీ పూడకుండా చూసుకోవాల్సింది మాత్రం ఊరే.

ఇవి చేయొచ్చు!

* తొలకరికి ముందు ఒకసారి, వినాయక నిమజ్జనం అయిన మర్నాడు ఒకసారి, సద్దుల బతుకమ్మకు ముందు మరోసారి వాగు గట్టు శుభ్రం చేసుకోవాలి.

* పెద్ద మురుగుకాల్వ వాగులో కలిసేచోట ఇనుప జాలీ బిగించాలి. వానాకాలంలో రోజూ దాన్ని శుభ్రం చేసే మనిషిని ముందే నియమించాలి. లేకపోతే జాలీయే అడ్డుకట్టవుతుంది.

* అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో కట్టి పారేయొద్దు. తడిచెత్త విడిగా ఇస్తే ఎరువవుతుంది, పశువుకు ప్రాణగండం తప్పుతుంది.

* చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు లేకుండా పిల్లల్ని వాగులోకి దింపొద్దు. గాజుపెంకులు, సూదులు ఉంటాయి. చెత్త లెక్క రాసే పని వాళ్లకు అప్పగిస్తే సరి.

బతుకమ్మ పండుగ నాడు తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలన్నీ నీళ్లలో కలుస్తాయి. నాలుగు రోజుల్లో కుళ్లి మట్టిలో మట్టవుతాయి. వాగుకు ఏమివ్వాలో, ఎలా ఇవ్వాలో మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసు. కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు... గుర్తుచేసుకోవడమే మిగిలింది.