ఇంట్లో యూవీ దీపం, ఓజోన్ యంత్రం: క్రిములతో పాటు మనకూ ముప్పే

ఆర్క్ వెల్డింగ్ వెలుగును ముసుగు లేకుండా చూస్తే, కొన్ని గంటల తరువాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. భిలాయ్ వంటి ఉక్కు నగరంలో కార్మిక కుటుంబాలకు ఈ బాధ తెలియనిది కాదు. దానికి కారణం అతినీలలోహిత కిరణాలు. కరోనా కాలం నుంచి ఇవే కిరణాలను వెలువరించే దీపాలు, ఓజోన్ యంత్రాలు క్రిమిసంహారక సాధనాలుగా ఇళ్లలోకీ వచ్చాయి. కర్మాగారంలో పాటించే జాగ్రత్త ఇంట్లోనూ అవసరం.

కిరణాలు చేసే పని

సూర్యుని నుంచి వచ్చే ‘సి’ రకం అతినీలలోహిత కిరణాలను వాతావరణం అడ్డుకుంటుంది. అవి భూమిని చేరవు. దీపాల నుంచి వెలువడే 254 నానోమీటర్ల కిరణాలు సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని దెబ్బతీసి, వాటి వృద్ధిని నిలిపివేస్తాయి. కంటి పైపొరను, చర్మాన్ని కూడా అవి గాయపరచగలవు. వెంటనే నొప్పి తెలియకపోవడమే ఇందులోని మోసం.

2020 మే నెలలో డీఆర్‌డీవో ‘యూవీ బ్లాస్టర్’ను రూపొందించింది. 43 వాట్ల దీపాలు ఆరు అమర్చిన ఈ పరికరం 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల గదిని సుమారు 10 నిమిషాలలో శుద్ధి చేస్తుంది. దానిని దూరం నుంచి నడపాలి. పొరపాటున తలుపు తెరిస్తే ఆగిపోతుంది. అదే సంస్థకు చెందిన హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల శుద్ధికి మూసి ఉండే పెట్టెను తయారు చేసింది. మనిషికి కిరణం తగలకుండా చూడటమే ఈ రెండింటిలోని కీలకాంశం. ఇటువంటి రక్షణ లేని దీపం గదిలో మనుషులు ఉండగా వెలిగించరాదు. చేతులను, చర్మాన్ని యూవీ దీపాలతో శుద్ధి చేసుకోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. పైగా నీడ పడిన చోట, దుమ్ము పేరుకున్న చోట కిరణాలు సరిగా పనిచేయవు.

ఓజోన్ సంగతి

ఆకాశంలో మనకు కవచంగా నిలిచే ఓజోన్ గదిలో ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. దగ్గు, గొంతు మంట, ఛాతీ నొప్పి కలుగుతాయి. ఉబ్బసం ఉన్నవారికి వ్యాధి ముదురుతుంది. బయటి గాలిలో ఓజోన్ 8 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదన్నది మన దేశంలోని ప్రమాణం. ఆరోగ్య ప్రమాణాలకు లోబడిన మోతాదులో ఓజోన్ గది గాలిని శుద్ధి చేయగలిగేది స్వల్పమేనని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. క్రిములను చంపగల మోతాదు మనిషి పీల్చదగినది కాదు.

నిమ్మ వాసన గల శుభ్రపరిచే ద్రవాలతో ఓజోన్ కలిస్తే ఫార్మాల్డిహైడ్ వంటి హానికర పదార్థాలు పుడతాయి. కొన్ని యూవీ దీపాలు 185 నానోమీటర్ల కిరణాలను కూడా వెలువరిస్తాయి. అవి గాలిలోని ఆక్సిజన్‌ను ఓజోన్‌గా మారుస్తాయి.

2014 జూన్‌లో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో విషవాయువు లీకై ఆరుగురు మరణించారు. ఆ వాయువులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. ఓజోన్‌కు ఘాటైన వాసన ఉన్నప్పటికీ, ముక్కు త్వరగా దానికి అలవాటు పడుతుంది. వాసన తగ్గినంత మాత్రాన వాయువు పోయినట్టు భావించరాదు.

పాటించవలసినవి

• పరికరం పనిచేసేటప్పుడు మనుషులు, పెంపుడు జంతువులు, మొక్కలు గదిలో ఉండరాదు.
• ఆ తరువాత తలుపులు, కిటికీలు తెరిచి, గాలి బాగా మారాకే లోపలికి వెళ్లాలి.
• కొనేముందు దీపం తరంగదైర్ఘ్యాన్ని, ఓజోన్ వెలువడుతుందా అన్న వివరాన్ని అడగాలి.
• చాలా యూవీ దీపాలలో పాదరసం ఉంటుంది. పగిలితే ఉత్త చేతులతో తాకరాదు.
• కళ్ల మంట, ఆయాసం కలిగితే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి.

సాధారణ గృహానికి సబ్బునీటితో తుడవడం, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం చాలావరకు సరిపోతాయి. వాటితో కంటికి, ఊపిరికి ఇటువంటి ముప్పు లేదు.