పాత కంప్యూటరును పారవేయుటకు ముందు



నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము పాత కంప్యూటరును గూర్చినది. పల్లెలోని పెద్దలకు ఈ యంత్రముతో పనియేమని కొందరు సందేహింపవచ్చును. కాని నేడు పాఠశాలయందును, పంచాయతీ కార్యాలయమునందును, సహకార సంఘమునందును ఇది చేరియున్నది. అది మందగించినపుడు దాని కాలము తీరినదనియు, క్రొత్తది కొనుడనియు చెప్పువారు పలువురు. అందు ఏ భాగము చెడినదో, ఏ భాగము చెడలేదో చూచి చెప్పువారు కొందరే. డబ్బు వెచ్చించుటకు ముందు ఆ పరీక్షను ఎట్లు చేయవలెనో నా యనుభవమును బట్టి మనవి చేసెదను.

నా కాపురము ఉప్పల్. నాచారము పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారమున లెక్కలు వ్రాసి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. భువనగిరి, వరంగల్లు వైపు బస్సులు ఉప్పల్ చౌరస్తా మీదుగ పోవును గనుక, ఆ ప్రాంతపు బంధువులెవరు నగరమునకు వచ్చినను మొదట మా గడప త్రొక్కుదురు. గడచిన సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఒకనాటి యుదయమున మా బావగారు పాత దుప్పటిలో చుట్టిన బరువైన మూటతో బస్సు దిగిరి. అది వారి గ్రామ గ్రంథాలయపు కంప్యూటరు.

"బావా, దీనిని ఇక్కడ పాత సామానుగా ఎవరైన కొందురేమో చూడుము. క్రొత్తదానికై ఊరిలో పదునెనిమిదివేల రూపాయలు చందా పోగుచేసితిమి" అని వారనిరి.

దానికి వచ్చిన లోపమేమని అడిగితిని. మీట నొక్కిన పిమ్మట పది నిమిషములకు గాని పనికి సిద్ధము కాదట. ప్రతి యుదయమున తేదీ వెనుకటి సంవత్సరములకు పోవునట. కొన్నాళ్లుగా లోపలినుండి టక్కుటక్కుమను చప్పుడు వచ్చుచున్నదట. ఒక దుకాణదారు దానిని విప్పియైనను చూడక పారవేయుమని చెప్పెనట.

"బావగారూ, ఇందులో మీరు దాచినదేమి?" అని మరల అడిగితిని. పండ్రెండేండ్లుగా వ్రాసిన పుస్తకముల జాబితా, చదువరుల పట్టీ, ఊరి ముసలివారు పాడగా పిల్లలు ఎక్కించిన పాటలు, గతించిన యక్షగానము వారి ఛాయాచిత్రములు, అన్నియు అందే యున్నవి. వేరొక ప్రతి లేదు. ఆ మాట విన్నంతనే నాకు గుండె జల్లుమన్నది. పాత సామాను వానికి తూకమునకు ఇచ్చియున్నచో ఆ పాటలు, ఆ ముఖములు ఇనుముతోపాటు పోయియుండెడివి.

కావున మొదటి సూత్రము ఇది. యంత్రమును బాగుచేయుటకు ముందు అందలి సొత్తును భద్రపరుపవలెను. ఆ చప్పుడు హార్డ్ డిస్కుది. అరచేతియంతటి ఆ డబ్బాలో పళ్లెములు నిమిషమునకు 7,200 మారులు తిరుగుచుండును. వానిపై వెండ్రుకకన్నను సన్నని యెడములో ఒక ముల్లు అటునిటు కదలుచు వ్రాతను చదువుచుండును. ఆ ముల్లు తన చోటు కనుగొనజాలక మాటిమాటికి వెనుకకు మరలునపుడు టక్కుటక్కు వినబడును. అట్టి డిస్కు ఎన్ని గంటలు బ్రదుకునో చెప్పజాలము గనుక దానిని ఊరక వెలిగించి చూడరాదు. నేను లినక్సు అను ఉచిత వ్యవస్థను పెన్ డ్రైవులో పెట్టి, కంప్యూటరును దానినుండి లేపి, ముందుగా పాటలను, చిత్రములను, తరువాత జాబితాలను వేరొక డిస్కులోనికి ఎత్తితిని. సాయంకాలమునకు ఆ పని ముగిసెను. పదునొకండు చిత్రములు మాత్రము ఎంత ప్రయత్నించినను రాలేదు. బావగారు ఆ పేర్లను చదువుకొని, చాలసేపు మాటలాడలేదు.

ఇక రెండవ పని, లోపల ఏమున్నదో గుర్తించుట. మన దుకాణములలో పెట్టెనంతటిని సీపీయూ అందురు. నిజమునకు సీపీయూ, అనగా ప్రాసెసరు, అందులో అగ్గిపెట్టెకన్న చిన్నదైన బిళ్ల. అది గుమాస్తా వంటిది. ర్యామ్ ఆ గుమాస్తా ముందరి బల్ల. హార్డ్ డిస్కు వెనుకనున్న బీరువా. బల్ల చిన్నదైనచో గుమాస్తా ఎంత నేర్పరియైనను మాటిమాటికి లేచి బీరువాకు పోవలసియుండును. బీరువా తలుపు కూడ బిగిసియున్నచో ఇక పని సాగదు. మనము గుమాస్తాను నిందింతుము. దోషము బల్లది, బీరువాది.

పెట్టెను విప్పకయే కొంత తెలిసికొనవచ్చును. విండోస్ నడచుచున్న యంత్రమైనచో విండోస్ గుర్తుగల మీటను, ఆర్ మీటను కలిపి నొక్కగా వచ్చు చిన్న గడిలో ఎమ్ఎస్ఇన్ఫో32 అని ఎడము లేకుండ ఆంగ్లాక్షరములతో కొట్టినచో ప్రాసెసరు పేరు, ర్యామ్ పరిమాణము కనబడును. బావగారి యంత్రమున ఇంటెల్ కోర్ ఐ3-2100 ప్రాసెసరును, 2 జీబీ ర్యామును, 500 జీబీ హార్డ్ డిస్కును ఉండెను. ఈ పేరులో 2100 అను సంఖ్య మొదటి అంకెయైన రెండు, అది రెండవ తరమునకు చెందినదని తెలుపును. ఆ తరము 2011లో వచ్చినది. 8100 అని యున్నచో ఎనిమిదవ తరము, 10100 అని యున్నచో పదవ తరము. ఈ యొక్క అంకెతో యంత్రము వయస్సును సుమారుగ చెప్పవచ్చును.

మిగిలినది విప్పి చూడవలెను. ముందుగా కరెంటు తీగను గోడనుండి ఊడబెరికి, మీటను ఒక మారు నొక్కి, లోపల నిలిచిన కరెంటును పోనీయవలెను. పెట్టె ఇనుమును చేతితో తాకిన పిమ్మటనే లోపలి భాగములను ముట్టవలెను. మన యొంటిలో నిలిచియుండు స్వల్ప విద్యుత్తు కూడ ర్యామును చెరుపగలదు. తరువాత మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, మదర్‌బోర్డు మీద ముద్రించిన పేరును కాగితముపై వ్రాసికొనవలెను. వారి బోర్డు హెచ్61 అను జాతిది. ర్యామునకు రెండు గాడులు కలవు. అవి డీడీఆర్3 రకమునకు చెందినవి.

ఇక్కడ నేను చేసిన తప్పును దాచను. పెట్టెను విప్పుటకు ముందే, ర్యామ్ ర్యామే గదా యని తొందరపడి, ఒక దుకాణమున 4 జీబీ ర్యామును కొని తెచ్చితిని. అది డీడీఆర్4. డీడీఆర్3 పలకకు 240 కాళ్లుండును, డీడీఆర్4కు 288. నడుమ నుండు గంటు కూడ వేరు చోట నుండును. ఒకదాని గాడిలో మరియొకటి దిగకుండుటకే ఆ గంటును పెట్టినారు. బలవంతముగ నొక్కినచో గాడి విరుగును. ప్యాకెట్టు చించిన సరుకును దుకాణదారు తిరిగి తీసికొనలేదు. నలువది యేండ్లు లెక్కలు వ్రాసినవాడను, చూడక కొంటిని. ఆ డబ్బు నా చేతినుండి పోయినది. చందాపైకము కాకపోవుట ఒక్కటే నాకు ఊరట.

మరునాడు పాత పలకనే జేబులో పెట్టుకొని హబ్సిగూడ, తార్నాకల మీదుగ సికింద్రాబాదు పోయి, పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున, ఇట్టిదే కావలెనని చూపి, 4 జీబీల డీడీఆర్3 పలకలు రెండింటిని తెచ్చితిని. శ్రోతలారా, కొలత చెప్పుటకన్న వస్తువునే చూపుట మేలు. బోల్టు కొనువాడు పాత బోల్టును వెంట తీసికొనిపోవును గదా.

ఇక్కడ మరియొక చిక్కు కలదు. ఆ యంత్రములోని విండోస్ 7 వ్యవస్థ ముప్పదిరెండు బిట్లది. 8 జీబీ ర్యామును పెట్టినను అది నాలుగింటికి మించి ఎరుగదు. బిట్టనగా సున్నయో ఒకటియో, రెండింటిలో ఒకటి. దీనిని తెలుపుటకు మా వాడకు చేరువనున్న ఉదాహరణమే కలదు. నాచారమునకు అనతిదూరమున 1967లో ఈసీఐఎల్ సంస్థ వెలసినది. దానిని నెలకొల్పిన అయ్యగారి సాంబశివరావుగారి పేరనే ఏ.ఎస్. రావు నగర్ ఏర్పడినది. ట్రాంబేలో 1969లో రూపొందిన టీడీసీ-12 అను కంప్యూటరు పిమ్మట, టీడీసీ-316 మొదలగు యంత్రములను ఈ సంస్థ 1970 దశకమున నిర్మించినది. పేరు చివరనున్న 12, 16 అను సంఖ్యలు ఆ యంత్రము ఒక మారు పట్టుకొను బిట్లను తెలుపును. 12 బిట్లతో 4,096 వేర్వేరు సంఖ్యలనే వ్రాయవచ్చును. 16 బిట్లతో 65,536. 32 బిట్లతో 4,29,49,67,296. ర్యాములోని ప్రతి గదికిని ఒక తలుపు సంఖ్య ఉండవలెను. సంఖ్యలు తీరిపోయిన పిమ్మట గదులున్నను ఉత్తరము చేరదు. ఆ నాలుగువందల ఇరువదితొమ్మిది కోట్ల చిల్లరయే 4 జీబీ. అరువదినాలుగు బిట్ల వ్యవస్థను ఎక్కించినచో ఈ కొరత తీరును. ప్రాసెసరు దానికి తగినదే గనుక అది సాధ్యమైనది.

హార్డ్ డిస్కును తీసి దాని స్థానమున 240 జీబీల ఎస్ఎస్‌డీని బిగించితిని. ఇందు తిరుగు పళ్లెములు లేవు, ముల్లు లేదు. హార్డ్ డిస్కున ఒక వ్రాతను వెదకి పట్టుటకు సెకనులో వేయింట పది పండ్రెండు భాగములు పట్టును. ఎస్ఎస్‌డీకి పదివేలలో ఒకటి రెండు భాగములు చాలును. హెచ్61 బోర్డునందలి సాటా దారి, సెకనుకు మూడు గిగాబిట్ల వేగము గలది. నేటి ఎస్ఎస్‌డీ అంతకు రెట్టింపు వేగమున పోగలదు గనుక ఇందులో దాని శక్తి సగమే వినియోగమగును. అయినను పాత డిస్కు ఆ సగము వేగమునైనను అందుకొనలేదు. తీగలు పాతవే సరిపోయినవి.

తేదీ వెనుకకు పోవుటకు కారణము బోర్డుపై నున్న చిన్న బిళ్ల సెల్లు. సీఆర్2032 అని దాని పేరు. వ్యాసము 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు అనుటయే ఆ యంకెల అర్థము. కరెంటు లేనపుడు గడియారమును నడుపునది అదియే. తేదీ తప్పినచో ఇంటర్నెట్టు పుటలు కూడ నమ్మదగని యంత్రమని తెరచుకొనవు. సెల్లు మార్చగా ఆ పిచ్చి కుదిరినది.

ప్రాసెసరును మార్చలేదు. ఆ గాడిలో రెండవ, మూడవ తరములవే పట్టును. గ్రంథాలయపు పనికి ఉన్నదే చాలును. విండోస్ 7 సంరక్షణ 2020 జనవరి 14తోను, విండోస్ 10 సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తోను ముగిసినవి. విండోస్ 11 అధికారికముగ ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందటి ఇట్టి ప్రాసెసర్లను అంగీకరింపదు. కాబట్టి లినక్సు మింటు అను ఉచిత వ్యవస్థను ఎక్కించి, తెలుగు వ్రాయు సదుపాయమును కుదిర్చితిని. ఇప్పుడు యంత్రము ఒక నిమిషములోపల లేచుచున్నది.

పాత యంత్రములన్నియు ఇట్లే బాగుపడునని చెప్పుట లేదు. బోర్డుపై నిలువు గొట్టములవంటి కెపాసిటర్లు ఉబ్బి కారుచున్నను, కరెంటు పెట్టెయగు ఎస్ఎమ్‌పీఎస్ కమరు వాసన కొట్టినను, ర్యాము డీడీఆర్2 కాలపుదైనను, దానిపై వెచ్చించుటకు ముందు రెండుమారులు ఆలోచింపవలెను. పారవేయక తప్పనిచో చెత్తలో కలుపరాదు, తీగలలోని రాగి కొరకు కాల్చరాదు. పాత బోర్డులలో సీసముండును. 2022 నాటి ఈ-వ్యర్థముల నియమములు 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్నవి. వానిని బట్టి నమోదైన సంస్థలకే ఇట్టి సామానును చేర్చవలెను.

మొత్తము వ్యయము చందాలో నాలుగవ వంతు కూడ కాలేదు. బావగారు మిగిలిన దానిలో ఒక బయటి డిస్కును కొని, రెండవ ప్రతిని ఊరిలో మరియొకరి యింట ఉంచుటకు నిశ్చయించిరి. తక్కినది పుస్తకములకు. రాని ఆ పదునొకండు చిత్రముల ప్రతులు ఆయా కుటుంబముల గోడలపై నున్నవేమో వెదకెదనని చెప్పి బస్సెక్కిరి.

కావున మీ ఊరి కంప్యూటరును పారవేయుమని ఎవరైన చెప్పినచో మూడు ప్రశ్నలు అడుగుడు. ఇందలి వ్రాతకు వేరొక ప్రతి కలదా? మందగించినది ఏ భాగము? ఆ భాగము ఏ రకమునకు చెందినది? ఈ మూడింటికి సమాధానము చెప్పలేనివాని మాటపై డబ్బు తీయకుడు.