చేతికందిన ఛాయ

వివాహమునకు వచ్చిన అతిథికి భోజనము తప్పక లభించును, తాంబూలము లభించును. ఫొటో మాత్రము లభించదు. అతడు వేదిక యెక్కి, వధూవరుల ప్రక్కన అరనిముసము నిలిచి, కెమెరా మెరుపు కన్నులలో పడగానే దిగివచ్చును. ఆ చిత్రము పెండ్లివారి ఆల్బములో చేరును. దానిని అతడు ఏ పదియేండ్లకో చూచిన చూచును, లేకున్న లేదు. ఈ లోటును తీర్చుటకే కాబోలు, నేడు కల్యాణమండపములలోను, కంపెనీల ఉత్సవములలోను ఫొటో బూత్ అను సాధనము కానవచ్చుచున్నది. అతిథి తానే మీట నొక్కి, తన నవ్వును తానే ఎంచుకొని, తన చిత్రమును చేతబట్టుకొని పోవుట దీనిలోని విశేషము.

అద్దెకు దొరకు ఈ యంత్రములు పలువిధములు. వెలను బట్టియో, దీపముల హంగును బట్టియో వీనిని ఎన్నుకొనుట పరిపాటియైనది. కాని యీ యంత్రము ఏల పుట్టినదో తెలిసికొన్నచో, దేనిని ఎన్నుకొనవలెనో చాలవరకు దానంతట అదియే తేటపడును.

దీనికి ప్రఖ్యాతి తెచ్చినవాడు అనటోల్ జోసెఫో. 1894లో సైబీరియాలోని ఓమ్స్క్ నగరమున పుట్టి, దేశదేశములు తిరిగి అమెరికా చేరిన ఈతడు, 1925లో న్యూయార్కు బ్రాడ్వే వీథిలో ‘ఫొటోమటన్’ అను పేర తన యంత్రమును నెలకొల్పెను. ఇరువదియైదు సెంట్లు చెల్లించి లోపల కూర్చున్నచో, ఎనిమిది చిత్రముల పట్టీ యొకటి కొద్ది నిముసములలో వెలువడెడిది. మొదటి ఆరు మాసములలోనే 2,80,000 మంది దానిలో ఫొటోలు తీయించుకొనిరని చెప్పుదురు. 1927లో హెన్రీ మోర్గెంథౌ మున్నగువారు కూడి ఆ యంత్రపు హక్కులను పదిలక్షల డాలర్లకు కొనిరి.

ఫొటో స్టూడియోలు వీథి కొకటి ఉన్న నగరములో జనము ఆ పెట్టె ముందు ఏల బారులు తీరిరి? స్టూడియోలో కెమెరా వెనుక ఒక మనిషి యుండును. గడ్డము పైకెత్తుమనును, కదలవద్దనును, నవ్వుమనును. ఆ ఆజ్ఞలకు లోబడిన ముఖము సగము అతనిది, సగము మనది. పెట్టెలో ఆ మనిషి లేడు. ఇది మొదటి సుగుణము. చిత్రము అప్పటికప్పుడే చేతికి వచ్చును. ఇది రెండవది. మూడవది అంతగా ఎవరును గమనింపనిది: ఆ యంత్రములో నెగటివు లేదు. వెలుతురు నేరుగా కాగితముపైననే పడును. ఆ కాగితమే రసాయనములలో మునిగి తేలి చిత్రమగును. కావున ఆ చిత్రము లోకమున ఒక్కటియే. దానిని దిగినవాడు తీసికొనిపోయిన పిమ్మట యంత్రమున ఏమియు మిగులదు.

ఇట్టి చాటు మన్ననను తెలుగువారి రాజధాని అంతకు మునుపే ఎరుగును. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదున అంతఃపురస్త్రీల కొరకు ప్రత్యేకముగ ఒక స్టూడియో తెరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల మహిళకు అప్పగించెను. ఘోషాలోనున్న స్త్రీలు పరపురుషుని కంటబడకుండ అచ్చట ఫొటో తీయించుకొనిరి. కాలములు వేరు, కారణములు వేరు. కాని ముఖము ఎవరిదో, అది ఎవరి కంట పడవలెనో నిర్ణయించు హక్కు వారిదే అను నీతి రెండింట ఒక్కటియే.

ఆటపాటల వన్నె ఈ యంత్రమునకు జపానులో వచ్చినది. 1995లో అట్లస్, సెగా సంస్థలు విడుదల చేసిన ‘ప్రింట్ క్లబ్’ యంత్రము చిత్రమునకు రంగురంగుల అంచులు కూర్చి, చిన్న చిన్న అంటుకాగితములుగ ఇచ్చెడిది. బడిపిల్లలు వానిని పుస్తకములలో అతికించుకొని, స్నేహితులతో మార్చుకొనిరి. చిత్రముపై వ్రాయుట, బొమ్మలు చేర్చుట పిమ్మట వచ్చినవి. నేటి పెండ్లి బూత్‌లోని తాకుడు తెర, కాగితపు మీసములు, కిరీటములు, వధూవరుల పేర్లతో ముద్రించు అంచులు ఆ కుదురునకు చెందినవే.

ఇక ఎన్నిక విషయము. మొదట అడుగవలసినది కాగితమును గూర్చి. మంచి బూత్‌లలో ముద్రణయంత్రము వేడిచే పనిచేయును. పసుపు, ఎరుపు, నీలి వన్నెల పట్టీనుండి రంగు ఆవిరియై కాగితమున నాటుకొనును. దానిపై పలుచని రక్షణపొర యొకటి పరచుకొనును. ఆరు అంగుళముల పొడవు, నాలుగు అంగుళముల వెడల్పుగల చిత్రము పది పదిహేను సెకండ్లలో పొడిగా వెలువడును. దానినే నిలువున కోసినచో రెండు పట్టీలగును. ఒకటి అతిథికి, రెండవదానిని పుస్తకములో అతికించి ప్రక్కన అతిథిచే ఒక ఆశీర్వచనము వ్రాయించినచో, అది వధూవరులకు ఏ కానుకకును తీసిపోదు.

రెండవది గణితము. ఒక కుటుంబము లోనికి వచ్చి, నిలిచి, చిత్రము తీసికొని పోవుటకు నిముసమున్నర పట్టుననుకొన్నచో, గంటకు నలువది కుటుంబములు. మూడు గంటలకు నూట ఇరువది. కుటుంబమునకు నలుగురు చొప్పున 480 మంది. వేయి మంది వచ్చు పెండ్లిలో ఒక్క యంత్రము సగము మందికైనను చాలదు. రెండు యంత్రములను పెట్టుటయో, విందునకు ముందే ఆరంభించుటయో మేలు. ఈ లెక్క వేసికొననివారి పెండ్లిలో పిల్లలు వరుసలో నిలువగలరు గాని, వృద్ధులు విసిగి వెడలిపోవుదురు.

మూడవది వెలుతురు. కొన్ని యంత్రములు అడుగకయే చర్మమును నునుపు చేసి, చామనచాయ మోమును సున్నము కొట్టినట్లు తెల్లన చేయును. అమ్మమ్మ ముఖమునుండి ముడుతలు తొలగించిన చిత్రము అమ్మమ్మది కాదు. అట్టి సవరణలను ఆపివేయుమని ముందుగనే చెప్పి, పలువన్నెల మేనులు గల నలుగురిని నిలిపి పరీక్షించి చూడవలెను.

ఆకృతి అవసరమును బట్టి యుండును. మూసిన గది ఇద్దరు ముగ్గురు స్నేహితులకు అనుకూలము; ఉమ్మడి కుటుంబములకు వెనుక తెర మాత్రమే గల బహిరంగపు ఏర్పాటు తగును. నిలువుటద్దమువలె కనబడు యంత్రము నిలుచుండి అలంకారము చూచుకొనువారికి ఇంపైనది. చుట్టును కెమెరా తిరుగు పీఠము యువకులకు ప్రియమైనది. కాని అది యిచ్చునది వీడియో, కాగితము కాదు. పట్టుచీర కట్టిన పెద్దవారు ఆ గట్టు ఎక్కుట కష్టము. చుట్టును ఖాళీ స్థలము లేనిచో తిరుగు చేయి తగిలి ప్రమాదమును కలుగును.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న కడపటిది: నకలు ఎవరివద్ద మిగులును? జోసెఫో పెట్టెలో మిగిలెడిది కాదు. నేటి యంత్రములో ప్రతి చిత్రమును మిగులును. ఫోనుకు పంపుటకై నంబరు అడుగుదురు. కంపెనీల ఉత్సవములలో ఆ నంబరే వ్యాపారమునకు పెట్టుబడి కావచ్చును. నవ్విన ముఖము అడుగకయే ప్రకటనలో ప్రత్యక్షము కావచ్చును. 2023లో భారత పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి స్వేచ్ఛగా, విషయము తెలిసి ఇచ్చినదై యుండవలెనని చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున తలిదండ్రుల సమ్మతి కావలెననుచున్నది. కావున అద్దెపత్రములో మూడు మాటలు వ్రాయించుట మంచిది: చిత్రములను ఎచ్చట దాచుదురు, ఎన్ని దినములకు చెరిపివేయుదురు, ప్రకటనలకు వాడుదురా లేదా. నంబరు ఈయనివారికిని కాగితపు చిత్రము దక్కవలెను. ఈ మూడింటికి సూటిగా సమాధానము చెప్పని సంస్థ ఎంత చవుకగా వచ్చినను వలదు.

పాఠశాల వార్షికోత్సవములకును, ఉపాధ్యాయుల వీడ్కోలు సభలకును ఈ బూత్‌లు రాదొడగినవి. అచ్చట ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. పిల్లలు ఆటలో ఉండగా సమ్మతిని గూర్చి వారికి తోచదు. అది పెద్దలు ముందుగ తలచవలసిన పని. తలిదండ్రుల అనుమతిపత్రము ముందే తెప్పించుకొని, కాగితము పిల్లలచేతి కిచ్చి, సభ ముగిసిన వెంటనే తమ ఎదుటనే యంత్రములోని నకళ్లను చెరిపించుట ఉపాధ్యాయులకు కష్టమైన కార్యము కాదు. గంటకు ఎందరు దిగగలరను లెక్కను మాత్రము తరగతిలో విద్యార్థులచేతనే వేయింపవచ్చును.

అతిథిని ఆహ్వానించుట యనగా అతని ఉనికిని గౌరవించుట. భోజనమున ఉప్పు సరిపోయినదో లేదో అడుగువారు, అతని ముఖమును ఎచ్చట దాచుచున్నారో కూడ అడుగుట మర్యాదలోని భాగమే. దీపముల తళుకు ఆ రాత్రితో తీరును. చేతికందిన చిన్న కాగితము పుస్తకముల నడుమ, పెట్టె యడుగున, దేవుని పటము ప్రక్కన ఏండ్ల తరబడి నిలుచును.