మ్రింగుట మరల నేర్చుట



పక్షవాతముచే పడిన రోగికి ముక్కుగుండ గొట్టము వైచి కడుపులోనికి ఆహారము పంపుట మీలో పెక్కురు చూచియే యుందురు. ఆ గొట్టమును మాని మరల నోటితో తినిపించు విధమును గూర్చి నేడు మనవి చేసెదను. నేను వైద్యుడను గాను. బడిలో వ్యాకరణము చెప్పినవాడను. ఈ పాఠమును మాత్రము నా తప్పువలన నేర్చితిని.

మాది కల్యాణదుర్గము ప్రాంతము. ఒక వేసవిలో మా తమ్మునకు పక్షవాతము వచ్చి, కుడిచేయి, కుడికాలు, మాట పడిపోయెను. వైద్యశాలనుండి గొట్టముతోనే ఇల్లు చేరెను. పెదవులెండి నా వంకనే చూచుచుండెను. ఏటికి సుమారు 55 సెంటీమీటర్ల వానయే కురియు మన సీమలో దప్పిగొన్నవానికి నీళ్లీయకుండుటకన్న పాపము గలదా? నర్సమ్మ వలదన్నను వినక, ఉద్ధరిణెతో రెండుమార్లు నోట నీరు పోసితిని. వాడు దగ్గలేదు. సుఖముగ త్రాగెనని సంతసించితిని. మూడవనాటికి జ్వరము, ఎగయూపిరి. ఊపిరితిత్తులకు నెమ్ము చేరినదని చెప్పి వైద్యులు మరల చేర్చుకొనిరి.

కారణము వినుడు. గొంతులో గాలిగొట్టము ముందును, అన్ననాళము వెనుకను గలవు. మ్రింగునపుడు గాలిగొట్టపు కొన పైకి లేచి, ఒక చిన్న మూత దానిపై వాలి, దారి మూసికొనును. పక్షవాతమున ఆ కండరములు సడలి, మూత ఆలస్యమగును. నీరు పలుచనిది, వేగముగ జారునది. మూత పడకమునుపే లోనికి పోవును. గొంతు స్పర్శ తగ్గినవానికి దగ్గు కూడ రాదు. దగ్గకుండుట క్షేమమని నేననుకొంటిని! శుభ్రపరుపని నోటి మలినము కూడ ఆ నీటితో దిగును.

గొట్టపు తిండి నిన్న మొన్నటిది కాదు. లండను వైద్యుడు జాన్ హంటరు 1790లో, మ్రింగలేని యొకనికి పామువంటి యొక చేప తోలుతో గొట్టము చేసి ఆహారము పంపెను. కొన్ని వారములకు అతడు మరల మ్రింగగల్గెను.

రోగి చక్కగా మేలుకొని యుండి, తల నిలిపి, తన ఉమ్మి తాను మ్రింగి, గట్టిగ దగ్గగలిగిననాడు నిపుణునకు చూపవలయును. ఎక్స్‌రేతో గాని, ముక్కుగుండ పంపు సన్నని దర్శినితో గాని ముద్ద ఏ దారిని పోవుచున్నదో వారు చూతురు. 1965లో మైసూరున స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయందు ఈ చికిత్స గలదు.

మా తమ్మునకు నిర్ణయించిన క్రమమిది. నోరు కడిగి, నిటారుగ కూర్చుండబెట్టి, ఉండలులేని చిక్కని రాగిజావ అర చెంచా. గొంతుముడి లేచి దిగువరకు ఆగుట. పిదప "ఆ" యనిపించుట. గొంతు గరగరలాడినచో ఆనాటికి చాలు. తిన్న పిమ్మట అరగంట పరుండరాదు. రాగిసంగటి మనము నమలక మ్రింగు ముద్ద, ఇట్టివానికది ప్రాణాపాయము. చారన్నము మెత్తనిదే కదా యని పెట్టుదురు. నీరొక దారిని, మెతుకొక దారిని పోవును. అందరికి ఇదియే క్రమమనుకొనరాదు. ఎవరికెంత చిక్కదనము తగునో పరీక్షించినవారే చెప్పవలెను.

నాలుగు చెంచాలు దిగినంతనే గొట్టము లాగివేయరాదు. నోటి తిండి పెరిగినకొలది గొట్టపు తిండి తగ్గింతురు. ఆకలి పుట్టవలెను గదా. జావయే తినువానికి నీరు చాలదు. మన యెండలలో అది మరింత ముప్పు. కావున నీరు గొట్టమునుండియే పోవలెను.

చూడవచ్చిన బంధువులు "ఒక్క గుక్క పోయరాదా" యని ఇంటి ఆడువారిని నిందింతురు. అట్టి వారిని మీరు వారింపుడు. మీ మాట విందురు.

అయిదవ వారమున వైద్యుల యనుమతితో మొదటి నీటిని అదే ఉద్ధరిణెతో నేనే యిచ్చితిని. ఈసారి వాడు దగ్గెను. చెంబు ప్రక్కన బెట్టితిని. గొట్టము మరి రెండు వారములుండెను.